వీపు మీద సంతకాలు

చివరి గంట మోగగానే హాల్లో సగంమంది కేకలు పెడుతూ లేచారు. ఎర్డూ మాత్రం కలానికి మూత పెట్టి, జవాబు పత్రం మీద రెండు చేతులూ ఆనించి, కూర్చున్న చోటే కూర్చుంది. డాక్టర్ ఉతోర్ వరస వెంబడి పేపర్లు తీసుకుంటూ ఆమె బల్ల దాకా వచ్చాడు. అందరి పేపర్లూ చూడకుండా కట్టలో వేసుకున్న మనిషి, ఆమెది మాత్రం పైకెత్తి పేజీలు తిప్పాడు.

"నీ చేతిరాత ముత్యాలేనమ్మా ఎర్డూ. తీరిగ్గా చదువుకుంటాలే," అన్నాడు నవ్వుతూ.

ముందు బల్ల దగ్గర కుర్రాళ్ళు కూడా నవ్వారు. సారు సరదా మనిషని ఆ యూనివర్సిటీలో పేరు. ఎర్డూ మాత్రం నవ్వలేదు.

పోయిన ఏడాది కూడా ఆయన ఇలాగే తీరిగ్గా చదివాడు. చదివి, ఫలితాలు రాకముందే కబురు పెట్టాడు. పేపర్లో కొన్ని తప్పులున్నాయట. నది అవతల గెస్ట్‌హౌస్‌కి శనివారం ఒంటరిగా వస్తే, కూర్చుని దిద్దుకోవచ్చట. ఎర్డూ పోలేదు. పేపరు పోయింది. అలా ఫెయిలైన పేపరునే ఈ ఏడు ఆఖరి పరీక్షగా మళ్ళీ రాసింది. ఇది కూడా పోతే పట్టా రాదు. పట్టా లేకపోతే ప్రభుత్వ యువజన సేవకు పిలుపు రాదు. అది చెయ్యనివాళ్ళకు ఏ బడిలోనూ టీచరు ఉద్యోగమివ్వరు. వాళ్ళ ఊరు తగలబడినప్పటి నుంచి తల్లి, చెల్లెళ్ళు శిబిరంలోనే ఉన్నారు. ఒక పాత బడి గదిని మధ్యలో గుడ్డలు కట్టి నాలుగు కుటుంబాలు పంచుకున్నాయి. ఎర్డూకి ఉద్యోగం వచ్చాక గోడలున్న గదిలోకి మారదామని తల్లి ఎవరు కనబడితే వాళ్ళకి చెబుతోంది.

ఇవన్నీ ఆ మనిషి చేతిలోని కట్టలో ఉన్నాయి. ఆయన ఆ కట్టను చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎర్డూ బయటికి రాగానే నెత్తి మీద నీళ్ళ ప్యాకెట్టు పగిలింది.

"దొరికిందిరోయ్! పట్టుకోండి!" అని అరిచింది కషిమానా. నాలుగేళ్ళుగా ఎర్డూతో ఒకే గదిలో ఉంటున్న పిల్ల. పొట్టిది, గొంతు మాత్రం పెద్దది. వెనకాల తెర్సీర్ పౌడరు డబ్బా పుచ్చుకుని వస్తున్నాడు. ఆఖరి ఏడు వాళ్ళంతా హాలు ముందు ఎండలో గుమిగూడారు. ఒంటి మీద తెల్లచొక్కాలు, చేతుల్లో రంగు మార్కర్లు, నోట్లో ఈలలు. సైన్ అవుట్ రోజు అది. చదువు ముగిసిందని ఒకరి చొక్కా మీద ఒకరు రాసి సంతకం పెట్టాలి. సంతకాలు లేని చొక్కాతో గేటు దాటితే వాడికి నాలుగేళ్ళలో స్నేహితులే లేరని ఊరంతా నవ్వుతుంది.

గేటు దగ్గర బోర్డు ఉంది. చొక్కాల మీద రాతలు, నీళ్ళు చల్లుకోవడం అసభ్యమనీ, నిషేధమనీ. ఆ పెద్దలకు అసభ్యం చొక్కాల మీదే కనిపిస్తుంది. నది అవతలి గెస్ట్‌హౌస్ వాళ్ళ కళ్ళకు ఆనదు.

"నేను రాయించుకోనే," అంది ఎర్డూ. "ఫలితం వచ్చాక చూద్దాం."

"ఫలితం వచ్చాక నీతో నీళ్ళెవరు చల్లుకుంటారే పిచ్చిమొహమా? తొడుక్కో!" కషిమానా సంచిలోంచి ఒక మగవాళ్ళ చొక్కా లాగింది. పాత బట్టల బజారులో ఏరి తెచ్చింది. బట్టల మీదే తొడిగితే అది మోకాళ్ళ దాకా దిగింది.

"ఇది చొక్కానా, గుడారమా?" అన్నాడు తెర్సీర్.

"నోర్ముయ్ రా. నీకంటే స్నేహితులెక్కువ దీనికి, జాగా కావాలి కదా."

ఎర్డూ నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. తెర్సీర్ ఎడమ చేతి మీద రాశాడు: 'నా నోట్సు ఎత్తుకుపోయి నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న దొంగకు.' సంతకం పెట్టాడు. ఇంకో కుర్రాడు గుండెల మీద రాయబోతే కషిమానా చెయ్యి మీద చెళ్ళున కొట్టింది.

"భుజాల మీద రాయరా. అక్కడ మీ అమ్మ మీద రాస్తావా?"

తర్వాత కషిమానా వెనక్కి వచ్చి, ఎర్డూ భుజం పట్టుకుని, వీపు మీద రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. మార్కరు కొస రెక్కల ఎముకల మధ్య బరబరా నడిచింది.

"ఏం రాస్తున్నావే అంతసేపు?"

"నీ కాబోయే మొగుడి కులగోత్రాలు. కదలకు."

ఆ తర్వాతే ఎర్డూకి ఏదో తేడాగా అనిపించడం మొదలైంది. ముందు నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతూ రాసి పోతున్నారు. వీపు వైపు వెళ్ళినవాళ్ళ గొంతులు మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి. ఒక కుర్రాడు ఈల వేసుకుంటూ వెనక్కి వెళ్ళి, ఈల ఆపేసి, ఏమీ రాయకుండా జారుకున్నాడు. ఒక అమ్మాయి మాత్రం వెళ్ళలేదు. కషిమానా రాసిన చోటికి కిందే మార్కరు ఆనించింది. చిన్నగా, త్వరత్వరగా రాసింది. తర్వాత ఇంకొకామె. తర్వాత మరొకరు. అందరికీ ఆ ఒక్కచోటే కావాలి. వీపంతా ఖాళీగా ఉండగా వాళ్ళంతా అక్కడే ఎందుకు ఇరుక్కుంటున్నారు? ఆఖరికి వచ్చినామె చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు చొక్కాలోంచి ఎర్డూ చర్మానికి తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే రెండో ఏడు చదివే వాన్డూ తలొంచుకుని గుంపులోకి పోతోంది.

"తెర్సీర్," అంది ఎర్డూ. "నా వీపు ఫోటో తియ్యి."

తెర్సీర్ ఫోను ఎత్తాడు. తెర మీదికి చూసి నవ్వు మానేశాడు. ఫోను ఆమె చేతికిచ్చాడు.

పెద్ద నల్లటి అక్షరాలు: 'ఉతోర్ సార్ గెస్ట్‌హౌస్‌కి రమ్మన్నాడు. నేను పోలేదు. నా పేపరు పోయింది. ఎర్డూ.' దాని కింద, వేరే రంగులో: 'నన్నూ రమ్మన్నాడు. పోలేదు. నాదీ పోయింది.' సంతకం. దాని కింద ఇంకోటి, సంతకం. ఇంకోటి. అన్నిటికన్నా అడుగున, గీతలు వంకరపోయిన చిన్న అక్షరాలు: 'నేను పోయాను. వాన్డూ.'

ఆ వీపుతో ఆమె ఇందాకటి నుంచి ఫ్యాకల్టీ ముందంతా తిరిగింది. కాపలావాళ్ళ ముందు నుంచి నడిచింది. ఎర్రటి జోబో షర్బతు సీసాలమ్మే ఆమె దగ్గర ఆగి తాగింది. ఉపాధ్యాయుల కార్ల పక్కనే నిలబడి ఫోటోలు దిగింది. ఎవరెవరు చదివారు? ఎవరు ఆయనకు ఫోను చేసుంటారు?

"కషిమానా! ఏం చేశావే?"

"నువ్వెలాగూ చెప్పవు. నీ వీపైనా చెప్తుందని రాశాను."

"నా పేరు పెట్టావు! నా సంతకం పెట్టావు!"

"మరి నా పేరు పెడితే అబద్ధమవదూ?"

"నీ పేపరు ఆయన దగ్గర లేదే! నాది ఉంది! ఇప్పుడే, ఆయన చంకలో ఉంది! నీకు సరదా, నీకు ధైర్యం. నువ్వు రేపు మీ నాన్న కొట్లో కూర్చుంటావు. నేనెక్కడికి పోవాలి? శిబిరానికా?"

కషిమానా నోరు తెరిచి మూసుకుంది. ఆమె నోరు మూతపడటం తెర్సీర్ కూడా అంతకు ముందు చూసి ఎరగడు. "విప్పెయ్," అంది చివరికి. "కాల్చేద్దాం. నేనే కాలుస్తా."

ఎర్డూ బొత్తాల మీద చెయ్యి వేసింది. అప్పుడే గుంపంతా ఒక్కసారి హోరెత్తింది.

"సార్! సార్! ఇటు సార్, నా చొక్కా మీద!"

డాక్టర్ ఉతోర్ వచ్చాడు. కట్ట గదిలో పెట్టి, చేతులు ఊపుకుంటూ వచ్చాడు. ఎవరో మార్కరు అందిస్తే తీసుకుని, నవ్వుతూ, ఒక్కో చొక్కా మీద ఒక్కో చమత్కారం రాసి సంతకం చేస్తున్నాడు. సైన్ అవుట్‌లో ఉపాధ్యాయుల సంతకం దొరకడం గొప్ప. కుర్రాళ్ళు ఎగబడుతున్నారు. ఆయన చూపు మాత్రం వాళ్ళ తలల మీదుగా తిరిగి తిరిగి ఎర్డూ దగ్గర ఆగింది.

ఎర్డూ వెనక్కి నడిచింది. వీపుకు గోడ తగిలింది. హాలు గోడ ఎండకు కాలిపోతోంది. అయినా దానికి వీపు అతికించేసింది.

"ఏమ్మా, గోడకు మేకు కొట్టారా నిన్ను?" దగ్గరికి వచ్చాడు. "నా సంతకం అక్కర్లేదా?"

"జాగా లేదు సార్."

"ఇంత పెద్ద చొక్కాలో జాగా లేదంటావేంటి? ఇటు తిరుగు, వీపు మీద రాస్తాను."

చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు పెట్టారు. "తిరుగు ఎర్డూ! సారు సంతకమే!" కషిమానా మధ్యలోకి దూరబోయింది, తెర్సీర్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఎర్డూ వీపు మీద చెమట కారుతోంది. మార్కరు రంగు కరిగి గోడకు అంటుకుంటుందేమో, తను పక్కకు జరిగితే గోడ మీద కూడా ఆ మాటలే కనబడతాయేమో అన్న పిచ్చి భయం పట్టుకుంది.

"చెయ్యి మీద రాయండి సార్," అంటూ కుడి చెయ్యి చాపింది. గోడను వదల్లేదు.

ఆయన ఆ చేతిని పట్టుకున్నాడు. అవసరమైనదానికంటే గట్టిగా, ఎక్కువసేపు. చొక్కా చేతి మీద నెమ్మదిగా రాశాడు. రాసింది తనే ఓసారి చదువుకుని, సరదాగా సంతకం కింద గీత గీసి, ఆమె చెంప గిల్లి, పక్క గుంపులోకి వెళ్ళిపోయాడు. అక్కడ మళ్ళీ నవ్వులు.

ఎర్డూ గోడకు జారి కూర్చుండిపోయింది. కషిమానా పక్కనే కూలబడి ఆ చెయ్యి తిప్పి చదివింది.

'వచ్చే ఏడాది నా క్లాసులో మళ్ళీ కలుద్దాం. డాక్టర్ ఉతోర్.'

పేపరు ఇంకా కట్టలో ఉంది. ఆయన దాన్ని ఇంకా చదవనే లేదు. ఫలితం మాత్రం ఇక్కడ, ఆమె చేతి మీద, నీలి రంగులో ఉంది.

"సరదాకి రాశాడేమో," అన్నాడు తెర్సీర్. తన మాట తనకే నచ్చనట్టు తల తిప్పుకున్నాడు.

"సరదాకే," అంది ఎర్డూ. "పోయిన ఏడాది కూడా సరదాకే పిలిచాడు."

ఇందాక ఆమెకు ఒకటే భయం. ఈ చొక్కా ఎవరి కంటైనా పడితే తను పోతుందని. ఇప్పుడు తెలిసింది, పడకపోయినా తను పోయినట్టేనని. దాచి ఏం మిగుల్చుకుంటుంది? ఆ ఆలోచన ఆమెకు ధైర్యమివ్వలేదు. భయం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారిందంతే.

"మన ఫ్యాకల్టీ డీన్ మేడమ్ గదిలోనే ఉన్నారు. పద," అంది కషిమానా.

"ఆవిడ ముందు నాకు నోరు పెగలదే."

"నోరెందుకు? వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడు."

ఎర్డూ లేచి రెండడుగులు వేసి ఆగింది. "వీపు మీద ఉన్నది నా ఒక్కదాని పేరే కాదు. వాళ్ళనీ అడగాలి."

సంతకం పెట్టిన అమ్మాయిల్లో ఇద్దరు అక్కడే ఉన్నారు. అడిగితే ఒకామె ముఖం పాలిపోయింది గానీ, "ఉండనీ," అంది. రెండో ఆమె, "నేను కూడా వస్తా, తలుపు దాకానే," అంది. మరొకామె ఇంటికెళ్ళిపోయింది. ఫోను చేస్తే చాలాసేపు ఏడ్చి, సరేనంది. వాన్డూ మిగిలింది. కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ కనబడింది. కడిగిన ముఖాన్నే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటోంది.

"అక్కా, చెరిపేశావా?" అంది చూడగానే.

"లేదు. నిన్నడుగుదామని వచ్చా."

"నేనెందుకు రాశానో నాకే తెలీదక్కా. నీ వీపు చదివాను, చెయ్యి దానంతటదే రాసేసింది. ఇక్కడ రాసినవాళ్ళంతా పేరు పెడతారు కదా, అలవాటుగా పెట్టేశాను." నీళ్ళు చుబుకం మీంచి కారుతున్నాయి. "ఆయన దగ్గర నాకింకా రెండేళ్ళుంది. మా అన్నకి తెలిస్తే ఆయన్ని కాదు, నన్ను కొడతాడు."

"చెరిపెయ్యమంటే ఇప్పుడే చెరిపేస్తా. నీ మీద ఒట్టు."

వాన్డూ కుళాయి కట్టేసింది. "పేరు చెరిపెయ్యి," అంది. "మాట ఉంచు."

ఎర్డూ వెనక్కి తిరిగి నిలబడింది. వాన్డూ మార్కరు తీసుకుని తన పేరు మీద తనే నల్లగా పూసింది. ఒకసారి పూసింది, సరిపోలేదనిపించి మళ్ళీ పూసింది. మార్కరు తడి చొక్కాలోంచి దిగి ఎర్డూ వీపుకు చల్లగా తగిలింది.

డీన్ ప్రొఫెసర్ ఎనే బల్ల వెనక కూర్చుని ఏవో కాగితాలు చూస్తోంది. పెద్దావిడ, కఠినమని పేరు. తడి చొక్కాతో లోపలికి వచ్చిన పిల్లను చూసి మొహం చిట్లించింది.

"ఇదేం వేషం? బోర్డు చదవలేదా గేటు దగ్గర?"

"చదివానమ్మా."

"మరి?"

ఎర్డూకి నిజంగానే నోరు పెగల్లేదు. తలుపు బయట కషిమానా గొంతు సవరించుకోవడం వినబడింది. ఎర్డూ గోడ వైపు తిరిగింది. గోడ మీద పాత క్యాలెండరు, పక్కన పెచ్చులూడిన సున్నం. దాన్నే చూస్తూ నిలబడింది.

కుర్చీ జరిగిన చప్పుడు. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆవిడ ఊపిరి మాత్రం మెడ మీద తగులుతోంది. ముఖం కనబడని మనిషికి మన బతుకు చదవమని ఇవ్వడం ఎంత భయమో ఎర్డూకి ఆ కాసేపట్లో తెలిసింది. ఆవిడ నమ్ముతోందో, నవ్వుతోందో, కోపంతో పళ్ళు నూరుతోందో తెలియదు.

"ఈ నల్లగా పూసింది ఎవరి పేరు?"

"చెప్పనమ్మా."

"చెప్పకపోతే నేనేం చేసేది?"

"చెప్పనమ్మా." ఈసారి ఏడుపు కలిసింది గానీ మాట మారలేదు. "మిగతా పేర్లున్నాయి."

"ఇక్కడికి చాలామంది పిల్లలొచ్చారు," అంది డీన్, వెనక నుంచే. కఠినం కొంచెం తగ్గి అలసట వినబడింది. "ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చారు. రాసిచ్చి సంతకం పెట్టమన్నాను. సంతకం లేందే యూనివర్సిటీ సెనేట్ ఫిర్యాదు తీసుకోదు. ఒక్కరూ పెట్టలేదు. నేనూ ఊరుకున్నాను. సరే, నీ పేపరెక్కడుంది?"

ఎర్డూ కుడి చెయ్యి వెనక్కి చాపింది. డీన్ ఆ చేతి మీది నీలి రాత చదివింది. మళ్ళీ చదివినట్టుంది, ఎందుకంటే చాలాసేపు వదల్లేదు.

"చొక్కా విప్పి ఇచ్చి వెళ్ళు," అంది.

సొరుగులోకి పోయిన చొక్కా మళ్ళీ బయటికొస్తుందా? ఇలాంటి గదుల సొరుగుల్లో ఎన్ని ఏడుపులు మగ్గిపోయాయో ఆవిడే ఇప్పుడు చెప్పింది కదా.

"ఇవ్వనమ్మా," అంది. "ఫోటోలు తీసుకోండి. సెనేట్ పిలిస్తే తొడుక్కొస్తాను."

చెప్పుల చప్పుడు బల్ల వైపు వెళ్ళింది. ఫోను నంబరు నొక్కిన చప్పుడు.

"డాక్టర్ ఉతోర్? ఇవాళ రాయించిన పేపర్ల కట్ట మొత్తం నా గదికి పట్టుకురండి. ఆ, ఇప్పుడే. ఈసారి దిద్దడం ఇంకొకరికి ఇస్తున్నాను."

ఎర్డూ వెళ్ళిపోదామనుకుంది. "అమ్మా, నేను బయటికి..."

"నువ్వక్కడే నిలబడు."

ఎర్డూ గోడకు నుదురు ఆనించింది. వరండాలో మగ అడుగులు వినబడ్డాయి. వాటితో పాటే ఈల. తలుపు బయట అమ్మాయిల గుసగుసలు టక్కున ఆగిపోయాయి. కషిమానా గొంతు కూడా. తలుపు తెరుచుకుంది.

"ఏంటి మేడమ్, అంత అర్జంటుగా? పిల్లల పండగ పూట మన..."

మాట అక్కడే తెగింది. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడొకటే మిగిలింది. వెనక ఆయన ఎంత దూరంలో ఉన్నాడో, ఎంతవరకు చదివాడో ఎర్డూకి తెలియదు. పళ్ళు బిగపట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"కట్ట బల్ల మీద పెట్టండి," అంది డీన్.

ఏదో బరువైనది బల్ల మీద పడింది. ఎర్డూ ఇటు తిరగలేదు.